అపోహలు – వాస్తవాలు: పెద్దమనుషుల కాగితం కోర్టు తీర్పు కాదు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా పల్లెల్లో న్యాయ సేవల సహాయకురాలిగా తిరుగుతుంటాను. జనం నాకు చూపించే కాగితాల్లో ఎక్కువ భాగం ఒకే రకం, పెద్దమనుషుల పంచాయితీలో రాసుకున్న ఒప్పందాలు. బాండు పేపరు మీద తెలుగులో చేతిరాత, కింద వరసగా సంతకాలు, వేలిముద్రలు, నోటరీ ముద్ర. ఆ వెంటనే ఒకే ప్రశ్న: "ఇది ఉంది కదా మేడమ్, ఇంక కోర్టు ఎందుకు?"

అపోహ: కుల పంచాయితీలో తెగదెంపులు అయితే విడాకులు వచ్చినట్టే.

వాస్తవం: రాలేదు. హిందూ వివాహ చట్టం (1955) 29వ సెక్షన్ కులాచారం ప్రకారం జరిగే విడాకులను గుర్తిస్తుందన్న మాట నిజమే. ఆ ఒక్క ముక్క పట్టుకుని "చట్టంలోనే ఉంది" అని దబాయించే పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళు చెప్పని రెండో ముక్క ఏమిటంటే, అలాంటి ఆచారం మీ కులంలో ఎప్పటినుంచో ఎడతెగకుండా ఉందని సాక్ష్యాలతో నిరూపించవలసింది మీరే. నిరూపించవలసిన చోటు కోర్టే. నోటరీ ముద్ర వేయించినంత మాత్రాన కాగితానికి కొత్త బలం రాదు. గోండు, మాడియా గిరిజన కుటుంబాలకు ఆ చట్టం వర్తించదు, ఆచారమే ప్రమాణం. అయినా తగాదా కోర్టుకెక్కితే ఆ ఆచారాన్నీ రుజువు చేసుకోవలసిందే.

ఈ అపోహ ఖరీదు ఎంతో ఒక అక్క దగ్గర చూశాను. ఆమె భర్త చిన్న ప్రభుత్వోద్యోగి. ఆయన మొదటి పెళ్ళి పెద్దమనుషుల సమక్షంలో తెగిపోయిందని కాగితం చూపించాకే ఈమెను ఇచ్చి చేశారు. పిల్లలు పుట్టారు, ఇల్లు కట్టుకున్నారు. ఆయన హఠాత్తుగా పోయాక కుటుంబ పెన్షన్ కోసం వెళితే కోర్టు డిక్రీ అడిగారు. లేదు. ఆఫీసు లెక్కలో మొదటి భార్యే భార్య. కాగితం మీద సంతకం పెట్టినవారిలో ఇద్దరు అప్పటికే లేరు. మిగిలిన ఆయన "ఎప్పటి సంగతో, గుర్తు లేదమ్మా" అని చేతులు దులుపుకున్నాడు. ఆనాడు పంచాయితీకి ఇరువైపులా ధరావతు కట్టించుకున్న సంగతి మాత్రం ఆయనకు బాగానే గుర్తుంది! ఆ అక్క తప్పు ఇందులో ఏమీ లేదు. నమ్మదగిన వాళ్ళు నమ్మమంటే నమ్మింది.

అలాగని రాజీ పడవద్దని నేను చెప్పడం లేదు. రాజీ కుదిరితే దానికి చట్టం ముద్ర వేయించుకోండి. ఏడాదికి తక్కువ కాకుండా విడిగా ఉంటూ ఇద్దరూ ఒప్పుకుంటే పరస్పర అంగీకార విడాకులకు కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. మామూలుగా ఆరు నెలల గడువు ఉంటుంది, తగిన కారణం ఉంటే కోర్టు దాన్ని తగ్గించవచ్చు. భూమి, డబ్బు తగాదాల్లో రాజీ అయితే లోక్ అదాలత్‌కు, అంటే రాజీతో తగాదాలు తేల్చే న్యాయ వేదికకు రండి. అక్కడ నమోదైన రాజీకి 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. కేసు అప్పటికే కోర్టులో ఉంటే కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి ఇస్తారు.

అపోహ: పెద్దల మాట దాటితే వెలి వేస్తారు, దానికి మందు లేదు.

వాస్తవం: భయం నిజమైనదే. చావుకు ఎవరూ రారు, పిల్లల సంబంధాలు చెడిపోతాయి. నేను వాటిని తేలిగ్గా తీసుకోను. కానీ మందు ఉంది. సామాజిక బహిష్కారాన్ని నేరం చేస్తూ మహారాష్ట్ర 2016లో చట్టం చేసింది. మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. "పంచాయితీ చేసింది ప్రాణహిత నది అవతలి, తెలంగాణ పెద్దలు కదా" అంటారు. వెలి వేసింది మీ ఊళ్ళో అయితే ఫిర్యాదు ఇక్కడి ఠాణాలోనే.

ఈ మధ్య మరో వాదన మొదలైంది. మనది షెడ్యూల్డ్ ప్రాంతం, 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) సంప్రదాయ తగాదా పరిష్కార పద్ధతులను కాపాడమంది, కాబట్టి కుల పెద్దలదే అధికారమట. చదివి మాట్లాడితే బాగుండేది. చట్టం ఆ బాధ్యతను అప్పగించింది గ్రామసభకు. ఓటరు జాబితాలో పేరున్న ఆడా మగా అందరూ కలిస్తేనే గ్రామసభ. ఒక కులంలోని నలుగురు మగవాళ్ళు చావడిలో కూర్చుంటే అది గ్రామసభ అయిపోదు. గ్రామసభ నియమం ప్రకారం నడిస్తే ఎంత బలం ఉంటుందో మన గడ్చిరోలి జిల్లాలోనే చూడవచ్చు. మెండా-లేఖా గ్రామం 2009లో సామూహిక అటవీ హక్కులు సాధించి, 2011 నుంచి తన వెదురును తానే అమ్ముకుంది. అక్కడ ఊరి ఐక్యతతో పాటు రిజిస్టరూ, తీర్మానమూ, చట్టమూ ఉన్నాయి.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. ఊరి తగాదాలను ఊళ్ళోనే తీర్చే తంటాముక్త సమితి 2007లో ప్రభుత్వం మొదలుపెట్టిన ఉద్యమంలోనిదే, కానీ అది రాజీ చేయించగలదు, తీర్పు చెప్పలేదు. ఆ సమితి చేయించిన ప్రేమ పెళ్ళిని కూడా విడిగా రిజిస్టర్ చేయించుకోవాలి. పోలీస్ పాటిల్ ఊళ్ళో పోలీసులకు సాయంగా ప్రభుత్వం నియమించిన మనిషే, జడ్జి కాడు. పొలం గట్టు ఎవరిదో ఆయన తేల్చలేడు. సర్పంచ్ భర్త సర్పంచ్ కాడు, సంతకం ఆమెదే ఉండాలి.

ఇక వకీలు ఫీజు గురించి. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సహాయం ఉచితం. తాలూకా న్యాయ సేవల సమితిలో అడగండి, లేదా 15100కు ఫోను చేయండి.