నాలుగు పేర్ల పండు ఈగ

మామిడికాయ తొక్క మీద సూది గుచ్చినట్టు చిన్న చుక్క. కోసి చూస్తే గుజ్జులో తెల్లటి పురుగులు. మన తోటల్లో ఈ నష్టం చేసే పండు ఈగల్లో ముఖ్యమైనది బాక్ట్రోసెరా డోర్సాలిస్. తైవాన్ నమూనాల ఆధారంగా 1912లో కీటక శాస్త్రవేత్త హెండెల్ దానికి ఆ పేరు పెట్టాడు. ఇంచుమించు అప్పుడే బిహార్‌లోని పూసాలో హౌలెట్ అనే శాస్త్రవేత్త పండు ఈగల్లో మగవి సిట్రొనెల్లా నూనె వాసనకు మూగడం గమనించాడు. ఇవాళ రైతులు చెట్లకు కట్టే, మగ ఈగలను వాసనతో లాగే మిథైల్ యూజినాల్ ఎరలు ఆ దారిలో వచ్చినవే.

అసలు తకరారు 1994లో మొదలైంది. డ్రూ, హాన్‌కాక్ అనే కీటక శాస్త్రవేత్తలు ఆసియా నమూనాలు ముందేసుకుని, డోర్సాలిస్, దాన్ని పోలిన ఈగల గుంపును 52 జాతులుగా విడదీశారు. అందులో 40 కొత్తవి. పపాయే, ఫిలిప్పినెన్సిస్, కారంబోలే అప్పుడు పుట్టిన పేర్లే. 2003లో కెన్యాలో కనబడి ఆఫ్రికా అంతటా పాకిన ఈగకు 2005లో ఇన్వాడెన్స్ అని మరో పేరు పడింది.

వేరు చేయడానికి పట్టుకున్న గుర్తులేమిటి? ఆడ ఈగ గుడ్లు పెట్టే సూది పొడవు, రెక్క అంచు చార వెడల్పు, వీపు రంగు. పొడవులో తేడా మిల్లీమీటరులో కొంత భాగమే. పైగా థాయిలాండ్ నుంచి మలేసియా వైపు దిగుతుంటే మగ ఈగల జననాంగం పొడవు మెల్లమెల్లగా మారుతూ పోతుంది తప్ప ఇక్కడ ఒక జాతి ఆగి ఇంకోటి మొదలైందని గీత గీసే చోటు దొరకదు.

ఇది మ్యూజియం గొడవే అయితే ఎవరికీ పట్టేది కాదు. కానీ దిగుమతి చేసుకునే దేశం తన నిషేధ జాబితాలో రాసుకునేది జాతి పేరునే. తన దగ్గర లేని జాతి అంటే పండ్లు రేవులోనే ఆగిపోతాయి. సంతానం కలగకుండా చేసిన మగ ఈగలను వదిలి సంతతిని అణిచే పద్ధతికీ ఇదే ప్రశ్న: అవి అక్కడి ఆడ ఈగలతో జతకడతాయా, లేదా?

అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార, అణుశక్తి సంస్థల ఉమ్మడి ప్రాజెక్టు కింద పలు దేశాలవారు జతకట్టించి చూశారు, డీఎన్ఏ, క్రోమోజోములు, మగ ఈగల వాసన రసాయనాలు పోల్చారు. షుట్జె బృందం 2015లో పపాయే, ఫిలిప్పినెన్సిస్, ఇన్వాడెన్స్ మూడూ డోర్సాలిస్సే అని తేల్చింది. నాకు ఈ వాదనే బలంగా కనిపిస్తుంది. డ్రూ మాత్రం ఒప్పుకోలేదు. 2016లో రోమిగ్‌తో కలిసి పపాయే, ఇన్వాడెన్స్ పేర్లను మళ్లీ నిలబెట్టాడు. దక్షిణ అమెరికాలోని సురినామ్ దాకా చేరిన కారంబోలేను విలీనం చేసినవారు కూడా వేరు జాతిగానే ఉంచారు.