తెలుగు వికీపీడియాలో కొత్తగా చేరారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అప్పటి నుంచి రాస్తున్నవాళ్ళ మధ్య కొన్ని పద్ధతులు పాతుకుపోయాయి. కొన్ని విధానాల పేజీల్లో ఉన్నాయి, చాలా వాటిని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. బాగా రాయగలిగినవాళ్ళు కూడా ఇవి తెలియక మనసు కష్టపెట్టుకుని వెళ్ళిపోతుంటే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: నేను రాసింది తీసేశారంటే నన్ను రావద్దన్నట్టే.

వాస్తవం: కొత్తవాళ్ళలో చాలామంది సొంత ఊరి పేజీతోనే మొదలుపెడతారు. అక్కడ 2011 జనగణన లెక్కలు ఉంటాయి. వాటి కింద "మా ఊరి ప్రజలు ఎంతో మంచివారు, ఇక్కడి రామాలయం చాలా మహిమ గలది" అని రాసి, సర్పంచి ఫోన్ నంబరు కూడా పెడతారు. కాసేపాగి చూస్తే ఏదీ ఉండదు. టెన్షన్ పడకుండా పేజీ పైన "చరిత్ర" నొక్కండి. మీరు చేసిన మార్పు, దాన్ని తీసేసిన మార్పు వరసగా కనిపిస్తాయి. చాలాసార్లు పక్కనే "మూలం లేదు" అనో, "వ్యక్తిగత సమాచారం" అనో చిన్న ముక్క ఉంటుంది. అవతలివాళ్ళు మీకు చెప్పదలచుకున్నది అంతే, అందులో కోపమేమీ లేదు. మీ పాఠం కూడా మామూలుగా ఆ చరిత్రలో భద్రంగానే ఉంటుంది. గుడి ఎప్పుడు కట్టారో, ఉత్సవం ఏ నెలలో జరుగుతుందో ఏదైనా పుస్తకంలోనో పత్రికలోనో దొరికితే, ఆ మూలం ఇచ్చి మళ్ళీ రాయండి. నిలబడుతుంది. తీసేసినదాన్నే పంతానికి మళ్ళీ మళ్ళీ పెట్టడం మాత్రం వద్దు, చర్చ పేజీలో (ప్రతి వ్యాసానికీ పక్కనే ఉండే, దాని గురించి మాట్లాడుకునే పేజీ) అడగండి.

అపోహ: గౌరవం ఎక్కడైనా ఒకటే.

వాస్తవం: వ్యాసంలో ఎంత పెద్దవారి పేరుకైనా "గారు", "శ్రీ" చేర్చరు. "ఆయన జన్మించాడు" అని ఏకవచనంలోనే రాస్తారు. అదే చర్చ పేజీకి వస్తే, కాలేజీ కుర్రాడైనా, రిటైరైన మాస్టారైనా అందరూ ఒకరినొకరు "గారూ" అనే పిలుచుకుంటారు. అక్కడ ఉత్త పేరుతో పిలిస్తే మొరటుగా అనిపిస్తుంది. ఈ తేడా పట్టుబడితే సగం పని అయినట్టే. చర్చలో మీరు రాసినదాని చివర సంతకం పెట్టడం మర్చిపోకండి, నాలుగు టిల్డే గుర్తులు (~~~~) కొడితే చాలు.

అపోహ: నిర్వాహకులు చెప్పిందే చెల్లుతుంది.

వాస్తవం: వాళ్ళకు పేజీ తొలగించే, వాడుకరిని నిరోధించే మీటలు ఉంటాయి. వ్యాసంలో ఏం ఉండాలనే చర్చలో వాళ్ళ మాటకు ప్రత్యేకమైన బరువేమీ లేదు. మూలం ఉన్నవాడి మాటే నెగ్గుతుంది.

అపోహ: రూల్స్ అన్నీ చదివాకే చెయ్యి పెట్టాలి.

వాస్తవం: అలా చదివి వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. అక్షరదోషాలు దిద్దుతూ మొదలుపెట్టండి. తీరిక దొరికినప్పుడు రచ్చబండలో (తెలుగు వికీపీడియాలో అందరూ కలిసి మాట్లాడుకునే పేజీ) పాత చర్చలు చదవండి. ఎవరు ఎలా విభేదించారో, చివరికి ఎలా తేల్చుకున్నారో చూస్తే ఏ నియమాల పేజీలోనూ దొరకనిది తెలుస్తుంది. సందేహం వస్తే అక్కడే అడగండి. జవాబుకు ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. ఎక్కువమంది ఉద్యోగాలు, ఇంటి పనులు చూసుకుని తీరిక దొరికినప్పుడు వచ్చి రాసేవాళ్ళే.