పాత బాబ్‌క్యాట్‌కి ఆగ్జిలరీ లైన్: అపోహలు - వాస్తవాలు

ముందు బకెట్ ఉండే చిన్న లోడర్ మెషీన్, అంటే స్కిడ్ స్టీర్ లోడర్, మన దగ్గర ఏ కంపెనీదైనా పిలుపు మాత్రం బాబ్‌క్యాటే. పాతది ఒకటి చవగ్గా దొరుకుతుంది, బకెట్ పని బాగానే చేస్తుంది. కొన్నాళ్ళకి ఓనరుకి కాంక్రీటు పగలగొట్టే బ్రేకరో, గుంతలు తీసే ఆగరో, రోడ్డు ఊడ్చే స్వీపరో తగిలించాలనిపిస్తుంది. హైడ్రాలిక్ మెకానిక్‌గా నేను ఎక్కువగా వినే మాట ఒకటే: "రెండు పైపులు ముందుకి లాగండి, చాలు." అటాచ్‌మెంట్‌కి ఆయిల్ అందించే ఆ లైన్‌నే ఆగ్జిలరీ అంటాం. ఆయిల్ వెళ్ళే దారి అందరూ అడుగుతారు. తిరిగొచ్చే దారి గురించి దాదాపు ఎవరూ అడగరు. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఆ రెండో దారిలోనే జరిగాయి.

అపోహ: రెండు పైపులు లాగితే ఆగ్జిలరీ వచ్చేసినట్టే.

పైపులు లాగడం చివరి పని. ముందు వాల్వ్ చూడాలి. అందులో స్పూళ్ళు, అంటే జరిగి ఆయిల్ దారి మార్చే కడ్డీలు ఉంటాయి. ఒక స్పూల్ ఆర్మ్ లేపడానికి, ఒకటి బకెట్ తిప్పడానికి. మూడో స్పూల్ ఉండి, దాని పోర్టులకు ప్లగ్గులు బిగించి వదిలేసి ఉంటే మీ అదృష్టం, సగం పని అయిపోయినట్టే.

మూడో స్పూల్ లేకపోతే విడిగా ఇంకో వాల్వ్ పెట్టాలి. జాగ్రత్త ఇక్కడే కావాలి. పాత మెషీన్లు చాలావరకు ఓపెన్ సెంటర్ రకం. లీవర్లు ముట్టుకోకపోయినా ఆయిల్ వాల్వ్ గుండా తిరిగి ట్యాంకుకు వెళ్తూనే ఉంటుంది. కొత్త వాల్వ్‌ను తీసుకెళ్ళి పాతదాని ట్యాంకు పోర్టుకి కలిపేశారనుకోండి. బ్రేకర్ కొట్టినంతసేపూ ఆ ప్రెషర్ పాత వాల్వ్ ట్యాంకు వైపు పడుతుంది. ఆ వైపు చాలా వాల్వుల్లో అంత ప్రెషర్‌కి చేసి ఉండదు. సీళ్ళు పోతాయి, ఒక్కోసారి బాడీయే పగులుతుంది. అందుకే పవర్ బియాండ్ స్లీవ్ వేయాలి. అది ప్రెషర్ లైన్‌ను కొత్త వాల్వ్‌కి పంపి, ట్యాంకు లైన్‌ను విడిగా ఉంచుతుంది. మీ వాల్వ్ మోడల్‌కి ఆ స్లీవ్ దొరుకుతుందో లేదో తెలుసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టండి.

అపోహ: రిలీఫ్ వాల్వ్ స్క్రూ బిగిస్తే అటాచ్‌మెంట్ స్పీడ్ అందుకుంటుంది.

అందుకోదు. రిలీఫ్ వాల్వ్ ప్రెషర్ హద్దు దాటకుండా ఆపేది మాత్రమే. వేగం ఫ్లో ఇస్తుంది, బలం ప్రెషర్ ఇస్తుంది. ఒక్కో చుట్టుకి 25 సీసీ ఆయిల్ తోసే పంపు 2400 ఆర్‌పీఎంలో నిమిషానికి 60 లీటర్లు ఇస్తుంది. అరిగిన పంపయితే ఇంకా తక్కువ. 60 లీటర్లను 170 బార్‌తో గుణించి 600తో భాగిస్తే 17 కిలోవాట్లు, అంటే సుమారు 23 హార్స్‌పవర్. 110 లీటర్లు, 200 బార్ అడిగే హై ఫ్లో అటాచ్‌మెంట్‌కి ఇదే లెక్క వేస్తే దాదాపు 49 హార్స్‌పవర్ వస్తుంది. మీ ఇంజినే 45 అయితే ఏ స్క్రూ బిగించి ఏం లాభం? పంపూ హోసులూ దెబ్బతింటాయి. ముందు ఫ్లో మీటర్ పెట్టి, ఆయిల్ వేడెక్కాక, లోడ్ మీద కొలిపించుకోండి. అటాచ్‌మెంట్ ఆ తర్వాత కొనొచ్చు.

అపోహ: లావు హోస్ గట్టిది.

ఒకే రకం అల్లికలో లావు పెరిగేకొద్దీ తట్టుకునే ప్రెషర్ తగ్గుతుంది. ఒక వైరు అల్లిక ఉన్న 1ఎస్ఎన్ రకం అరంగుళం హోస్ 160 బార్‌కి పనికొస్తుంది. అదే రకం ముప్పావు అంగుళం 105 బార్‌కే. రెండు వైర్ల 2ఎస్ఎన్ ముప్పావు అంగుళం అయితే 215. హోస్ మీద రాసిన అక్షరాలు చదివి తీసుకోండి. బిగించాక ఆర్మ్ పూర్తిగా లేపి, దించి, పివట్ దగ్గర ఎక్కడైనా లాగుతోందా, రాసుకుంటోందా చూడాలి.

అపోహ: మోటారుకి రెండు పైపులు చాలు, మూడో సన్న పైపు అనవసరం.

ఒకసారి ఒక స్వీపర్ వచ్చింది. మెషీన్‌లో కప్లర్లు, అంటే పైపులు తగిలించే జాయింట్లు, రెండే ఉన్నాయని మూడో పైపుకి ఎవరో ప్లగ్ కొట్టేశారు. స్టార్ట్ చేసిన కాసేపటికే మోటారు షాఫ్ట్ సీల్ తన్నేసింది, ఆయిల్ నేలపాలు. ఆ సన్న పైపు కేస్ డ్రెయిన్. మోటారు లోపల జారే ఆయిల్ ప్రెషర్ లేకుండా నేరుగా ట్యాంకుకు చేరాలి. దాన్ని రిటర్న్ లైన్లో కలపడం కూడా తప్పే, అక్కడ బ్యాక్ ప్రెషర్ ఉంటుంది. ట్యాంకుకు విడిగా లైన్ వేయాల్సిందే.

మోటారు అటాచ్‌మెంట్లకి ఇంకో విషయం. సిలిండర్ల కోసం చేసిన స్పూల్ న్యూట్రల్‌లోకి రాగానే రెండు పోర్టులూ మూసేస్తుంది. తిరుగుతున్న బ్రష్‌కి అది గోడకు గుద్దుకున్నట్టే. న్యూట్రల్‌లో రెండూ ట్యాంకుకు తెరుచుకునే మోటార్ స్పూల్ అడగండి.

అపోహ: అటాచ్‌మెంట్ ఆయిల్ సంగతి మనకెందుకు?

చాలా స్కిడ్ స్టీర్లలో చక్రాలు నడిపే హైడ్రోస్టాటిక్ డ్రైవ్‌కీ, లోడర్‌కీ ఒకే ట్యాంకు. అద్దెకు తెచ్చిన బ్రేకర్‌లోని మురికి మీ డ్రైవ్ పంపు దాకా రాగలదు. కప్లర్లు తుడిచి కలపండి. విప్పాక మూతలు పెట్టండి.

అపోహ: ఇంజిన్ ఆపితే ప్రెషర్ ఉండదు.

ఉంటుంది. ఎండలో పడున్న అటాచ్‌మెంట్ కప్లర్ ఎంత తోసినా కలవదంటే, లోపల ఆయిల్ వేడికి వ్యాకోచించి బిగుసుకుపోయిందన్నమాట. సుత్తితో కొట్టొద్దు. విప్పే ముందే ఆర్మ్ దించి, ఇంజిన్ ఆపి, ఆగ్జిలరీ లీవర్ అటూ ఇటూ నాలుగుసార్లు ఆడించండి. మీ మెషీన్‌లో లీవర్ బదులు ప్రెషర్ వదిలే స్విచ్ ఉంటే తాళం ఆన్‌లో పెట్టి నొక్కాలి.

సన్నటి లీకు ఎక్కడుందో చేత్తో తడిమి మాత్రం చూడకండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ గ్లవ్స్‌నీ చర్మాన్నీ చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. అలా జరిగితే సాయంత్రం దాకా ఆగకుండా సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళి, హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి వెళ్ళిందని చెప్పండి. ఆలస్యమైతే వేలో, చెయ్యో తీసేయాల్సి రావచ్చు.