పడుకుంటే బలం రాదు: ఒక ఫిజియోథెరపిస్టు చెప్పే అపోహలు - వాస్తవాలు

పోయిన సోమవారం పొద్దున్నే ఒకాయన ఫోన్ చేశారు. వాళ్ళమ్మగారికి 74 ఏళ్ళు. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి బాల్ (తుంటి కీలులోని గుండ్రటి భాగం) మార్చారు. ఇంటికి తెచ్చి 11 రోజులైంది. "నిన్న లేపి కూర్చోబెడితే కళ్ళు తిరిగి పడిపోబోయిందమ్మా. బాగా నీరసంగా ఉంది. ఇంకో పదిహేను రోజులు పడుకోనిచ్చి, కాస్త బలం వచ్చాక మిమ్మల్ని పిలుస్తాం" అన్నారు.

తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేయించడం నా పని. పదహారేళ్ళుగా ఈ మాట వింటూనే ఉన్నాను. ఆ కొడుకు గొంతులో ఉన్నది ప్రేమ, భయం. ఆయన్ని తప్పుపట్టలేను. కానీ "పడుకుంటే బలం వస్తుంది" అనే నమ్మకం వల్ల జరిగినంత నష్టం, నేను చూసినంతలో, ఇంకే అపోహ వల్లా జరగలేదు. అందుకే ఈ పోస్టులో ఎక్కువ భాగం దాని గురించే.

అపోహ: నీరసం తగ్గేదాకా మంచం మీదే ఉండాలి. బలం వచ్చాక లేవాలి.

వాస్తవం: ఆ నీరసంలో చాలా భాగం పడుకోవడం వల్లే వచ్చింది. ఇంకా పడుకుంటే ఇంకా పెరుగుతుంది.

మనం నిలబడ్డామంటే భూమి మనల్ని కిందికి లాగుతూనే ఉంటుంది. పిక్కలు, తొడలు, పిరుదులు, నడుం కండలు ఆ లాగుడుకు ఎదురు నిలుస్తాయి. కుర్చీలోంచి లేవడం, గుమ్మం దాటడం, బిందె ఎత్తడం, ఏం చేసినా ఆ బరువు మోయడమే. ఎముక గట్టిగా ఉండేది కూడా రోజూ దాని మీద బరువు పడుతుంది కాబట్టే. పడుకోబెట్టిన క్షణం నుంచి ఆ పని ఆగిపోతుంది. పనిలేని కండను, ఎముకను శరీరం పోషించదు, కరిగించుకుంటుంది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ వ్యోమగాములు. మన శుభాంశు శుక్లా 2025 జూన్ 25న అంతరిక్ష కేంద్రానికి బయల్దేరి జులై 15న తిరిగొచ్చారు. మొత్తం 20 రోజులు. యుద్ధ విమానాలు నడిపిన మనిషి, ఏళ్ళ తరబడి శిక్షణ తీసుకున్న మనిషి. ఆయనే కిందికి దిగాక పక్కన ఇద్దరు పట్టుకుంటే అడుగులేశారు. చేతిలోకి తీసుకున్న ఫోన్ బరువుగా అనిపించిందని, మంచం పక్కన గాల్లో వదిలితే తేలుతుందన్న అలవాటులో లాప్‌టాప్ వదిలేస్తే కిందపడిందని తర్వాత ఆయనే చెప్పారు. 20 రోజుల్లో అలాంటి మనిషికే అంత మార్పు వస్తే, 74 ఏళ్ళ మనిషిని నెల రోజులు పడుకోబెడితే ఏమవుతుందో ఆలోచించండి.

అంతరిక్షానికీ మన ఇంట్లో మంచానికీ ఏం సంబంధం అనుకోకండి. అంతరిక్షంలో శరీరానికి ఏమవుతుందో భూమి మీదే తెలుసుకోవాలంటే శాస్త్రవేత్తలు చేసే పని మనుషుల్ని పడుకోబెట్టడమే. 2019లో జర్మనీలోని కొలోన్‌లో 24 మందిని 60 రోజులపాటు మంచం దించకుండా ఉంచారు. తలవైపు 6 డిగ్రీలు కిందికి వాల్చిన మంచాలవి. తిండి, స్నానం, అన్నీ పడుకునే. అంటే బెడ్ రెస్ట్ అనేది అంతరిక్ష యాత్రకు నకలు. అంతరిక్షంలో వ్యోమగాములకు తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా కరుగుతుంది. ముట్లుడిగిన ఆడవాళ్ళకు దాదాపు ఏడాదిలో పోయేది అక్కడ ఒక్క నెలలో పోతుంది. అందుకే వాళ్ళు రోజుకు దాదాపు రెండు గంటలు వ్యాయామం చేస్తారు, భుజాలకు, నడుముకు పట్టీలు కట్టి కిందికి లాగించుకుంటూ మరీ ట్రెడ్‌మిల్ మీద పరిగెడతారు. మన పెద్దవాళ్ళకు ఆ పట్టీలు అక్కర్లేదు. మంచం దిగితే చాలు, ఆ పని భూమే చేస్తుంది.

వయసు మీదపడితే నష్టం ఎంత వేగంగా ఉంటుందో చెప్పే అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. ఏ జబ్బూ లేని 12 మంది పెద్దవాళ్ళు, సగటు వయసు 67, పది రోజులు పడుకున్నారు. కాళ్ళలోనే దాదాపు ఒక కిలో కండ పోయింది. పది రోజులకే. ఇంకొకటి పాతది, 1966లో అమెరికాలోని డల్లాస్‌లో జరిగింది. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఐదుగురిని మూడు వారాలు పడుకోబెట్టారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షించారు. ఒంట్లో పనిచేసే శక్తి ఆ ముప్ఫై ఏళ్ళ వయసు వల్ల తగ్గినదాని కంటే, అప్పటి మూడు వారాల పడక వల్ల తగ్గిందే ఎక్కువని తేలింది. మా కాలేజీలో ఈ విషయం విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. కారణం మా నాన్నమ్మ.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు నాన్నమ్మ అరుగు మీంచి పడింది. తుంటి విరిగింది, ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పుడు "రెస్ట్ ఇవ్వండి" అని ఒక్క మాట చెప్పారట, ఎలా, ఎన్నాళ్ళు అని మేం అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. మేం ఆ మాటను పట్టుకుని ప్రాణంగా పాటించాం. మా అమ్మ, మేనత్తలు వంతులేసుకుని అన్నం తినిపించారు, ఒళ్ళు తుడిచారు, పక్క మార్చారు. ఎవ్వరూ ఆవిణ్ని కాలు కింద పెట్టనివ్వలేదు. ఆవిడ కాలికి వెండి కడియాలుండేవి. నడిచినన్నాళ్ళూ చీలమండ దగ్గరే ఉండేవి. నెలన్నరకు అవి పిక్క మీదికి జారి మోకాలి దాకా వదులుగా తిరుగుతుంటే, "చిక్కిపోయింది, పాలు ఎక్కువ పట్టండి" అన్నారు చూడ్డానికొచ్చినవాళ్ళు. పాలు పట్టాం. రెండు నెలలు దాటాక ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆ జ్వరంతోనే పోయింది. సేవలో మేం ఎక్కడా లోపం చేయలేదు. ఆవిడ పిక్కలు ఎందుకు కరిగాయో చెప్పినవాళ్ళు లేరు, అంతే.

ఇప్పుడు ఆ కళ్ళు తిరగడం సంగతి. చాలామంది ఇక్కడే భయపడి వెనక్కి తగ్గుతారు. మనం లేచి నిలబడగానే దాదాపు అర లీటరు రక్తం కాళ్ళలోకి దిగుతుంది. వెంటనే రక్తనాళాలు బిగుసుకుని, గుండె కాస్త వేగం పెంచి తలకు రక్తం అందేలా చూస్తాయి. రోజుల తరబడి పడుకున్నవాళ్ళలో ఈ అలవాటు మొద్దుబారుతుంది. పైగా పడుకున్నప్పుడు రక్తం ఛాతీ వైపు చేరుతుంది కదా, ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని మూత్రంలో బయటికి పంపేస్తుంది శరీరం. రక్తం పరిమాణమే తగ్గుతుంది. వ్యోమగాములకూ సరిగ్గా ఇదే జరుగుతుంది. కాబట్టి పదకొండు రోజుల తర్వాత తొలిసారి లేపితే కళ్ళు తిరగడం వింత కాదు. దానికి మందు మళ్ళీ పడుకోబెట్టడం కాదు, మెల్లమెల్లగా లేపడం. (కూర్చోబెట్టాక కూడా తగ్గకపోయినా, బీపీ బాగా పడిపోతున్నా, రక్తం తక్కువగా ఉందేమో, మందుల మోతాదు మార్చాలేమో డాక్టరుగారికి చూపించుకోవాలి.)

నేను చేయించే వరస ఇది. ముందు తలవైపు దిండ్లు పెంచి సగం కూర్చోబెడతాను. పాదాలు పైకీ కిందికీ ఇరవై ముప్ఫై సార్లు ఆడించమంటాను, పిక్కలు రక్తాన్ని పైకి తోస్తాయి. తర్వాత మంచం అంచున, కాళ్ళు కిందికి వేలాడేసి కాదు, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెడతాను. రెండు మూడు నిమిషాలు ఆగి, ఎలా ఉందని అడిగి, అప్పుడే వాకర్ ముందు పెట్టి లేపుతాను. మొదటి రోజు పది లెక్కపెట్టేంతసేపు నిలబడినా చాలు. ఒకావిడ లెక్కపెట్టనంది, గోవిందా గోవిందా అనుకుంటూ నిలబడింది. అలాగే రోజుకు నాలుగైదు సార్లు. చెయ్యి పట్టి గుంజి లేపకండి, ముఖ్యంగా పక్షవాతం వచ్చినవాళ్ళ పడిపోయిన చెయ్యి అసలు లాగకండి, భుజం పోతుంది.

అందరినీ మర్నాడే నడిపించాలని నేను అనడం లేదు. కొన్ని విరుగుళ్ళకు కొన్ని వారాలు ఆ కాలి మీద బరువు పెట్టకూడదు. వెన్నెముక విరుగుడుకైతే సర్జన్ చెప్పేదాకా ఆగాల్సిందే. కానీ బాల్ మార్చిన తుంటికి సాధారణంగా మర్నాడే నిలబెడతారు. అందుకే డిశ్చార్జి రోజున "రెస్ట్ ఇవ్వాలా?" అని అడగకండి. "ఈ కాలి మీద బరువు ఎంత పెట్టొచ్చు? ఎప్పటి నుంచి? ఏ కదలిక చేయకూడదు?" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. కాలు మీద బరువు పెట్టొద్దన్నా సరే, కూర్చోవద్దని అర్థం కాదు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా మాత్రం నాకు ఫోన్ చేయడం కాదు, నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి. కదలని కాలిలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

బాలింతల విషయమూ ఇంతే. పథ్యాల జోలికి నేను వెళ్ళను. కానీ నెల రోజులు గది దాటనివ్వకపోవడం మంచిది కాదు. కాన్పయ్యాక కొన్ని వారాలు రక్తం గడ్డకట్టే గుణం మామూలు కంటే ఎక్కువ. సిజేరియన్ అయినా సరే, ఇంట్లో అటూ ఇటూ నడవనివ్వండి.

అపోహ: నడుం పట్టేస్తే చెక్క బల్ల మీద వారం పడుకోవాలి.

1995లో ఫిన్లాండ్‌లో, హెల్సింకి నగర ఉద్యోగుల మీద జరిగిన పరీక్షలో, రెండు రోజులు పడుకున్నవాళ్ళ కంటే నొప్పి ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకున్నవాళ్ళే త్వరగా కోలుకున్నారు. కాలు బలం తగ్గుతున్నా, మూత్రం తెలియకుండా పోతున్నా అది వేరే సంగతి, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

అపోహ: వాకర్‌లో వేస్తే పిల్లలు త్వరగా నడుస్తారు.

చక్రాల వాకర్‌లో బిడ్డ బరువు సీటు మోస్తుంది, కాళ్ళు కాదు. మునివేళ్ళతో నేలను తన్నడమే అలవాటవుతుంది. మెట్ల మీంచి దొర్లిపడే ప్రమాదం వల్ల కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది. బిడ్డ నిలబడి తోసుకెళ్ళే మూడు చక్రాల చెక్కబండి వేరు. అందులో బరువు బిడ్డే మోస్తుంది, పక్కన పెద్దవాళ్ళుంటే అది మంచిదే.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. పుట్టిన బిడ్డను నిలువుగా పట్టుకుని పాదాలు ఆనిస్తే నడుస్తున్నట్టు అడుగులేస్తుంది. రెండు నెలలకు అది మాయమవుతుంది. మెదడు మారడం వల్ల అని చాలాకాలం అనుకున్నారు. 1980ల్లో ఎస్తర్ థెలెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, అడుగులు మానేసిన పిల్లల్ని ఛాతీ దాకా నీళ్ళలో ఉంచి చూశారు. మళ్ళీ అడుగులేశారు! కొవ్వు పట్టి బరువెక్కిన కాలును ఎత్తేంత బలం అప్పటికి లేదు, అంతే. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు అని మనవాళ్ళు ఒక్కో మెట్టునూ పండగ చేసింది ఊరికే కాదు. ఒక్కోటీ భూమి లాగుడును బిడ్డ గెలిచిన రోజు. మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్ళ ముందు, చాప మీద బోర్లా ఆడుకోనివ్వండి. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలానే.

పక్కింటి బిడ్డ పది నెలలకే నడిచిందని టెన్షన్ పడకండి. ఢిల్లీ పిల్లలు కూడా ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు దాదాపు 8 నెలల నుంచి 18 నెలల మధ్యలో ఎప్పుడైనా సొంతంగా నడిచారు. నూటికి నలుగురు చేతులూ మోకాళ్ళ మీద పాకనే లేదు. 18 నెలలు దాటినా నడవకపోతే, లేదా ఒకవైపు చెయ్యీ కాలూ మాత్రమే వాడుతుంటే చూపించండి.

అపోహ: తల తిరిగితే మెడ అరిగినట్టే, కాలర్ వేసుకోవాలి.

పక్క మీద అటు దొర్లగానే గది గిర్రున తిరిగి, నిమిషంలో తగ్గితే అది చాలాసార్లు చెవి సమస్య. పై, కింద తెలుసుకోవడానికి లోపలి చెవిలో ఇసుక రేణువుల్లాంటి సున్నపు పలుకులుంటాయి. అవి చోటు తప్పితే ఇలా అవుతుంది. తలను ఒక వరసలో తిప్పే పద్ధతితో చాలామందికి ఒకటి రెండు సార్లకే తగ్గుతుంది. నెలల తరబడి కాలర్ వేసుకుంటే మెడ కండలు బలహీనపడటం తప్ప ఏమీ రాదు.

అపోహ: అంతరిక్షంలో భూమి ఆకర్షణ ఉండదు.

అంతరిక్ష కేంద్రం ఉండే 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా ఇక్కడున్న దాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. కేంద్రమూ అందులోని మనుషులూ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉంటారు కాబట్టి కాళ్ళ కింద ఆనిక ఉండదు. కండకూ ఎముకకూ కావలసింది ఆ ఆనికే.

అపోహ: కడ్డీకి వేలాడితే పొడుగవుతారు.

రాత్రి నిద్రలో వెన్నుపూసల మధ్య మెత్తలు ఉబ్బి పొద్దున ఒక సెంటీమీటరు దాకా పెరుగుతాం, సాయంత్రానికి తగ్గిపోతాం. వేలాడితే వచ్చే పొడుగూ అలాంటిదే, నిలవదు. వ్యోమగాములు 3 శాతం దాకా పొడుగవుతారు, దిగాక మళ్ళీ మామూలే, కొందరికి నడుం నొప్పి అదనం.

ఫోన్ చేసినాయన్ని పదిహేను రోజులు ఆగొద్దని బతిమాలి మంగళవారమే వెళ్ళాను. సర్జన్ కాగితం చూస్తే బరువు పెట్టొచ్చనే రాసి ఉంది, ఇంట్లో ఎవరూ చదవలేదు. మొదటి రోజు కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ పడుకోబెట్టాను. రెండో రోజు నిలబడింది. కొడుకు వెనకే నిలబడి రెండు చేతులూ చాపి ఉంచాడు, ఆవిడ పడకపోయినా. నిన్న వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, పొయ్యి మీద పప్పు చూసి, నీళ్ళు పోయమని కోడలికి చెప్పి వచ్చింది. పక్కింటివాళ్ళ దగ్గర తెచ్చిన వాకర్ అది. కింద రబ్బరు బుష్‌లు అరిగి గచ్చు మీద జారుతోంది. రేపు నేను వచ్చేలోపు కొత్తవి వేయించమన్నాను.