కారదన్న తొట్టె, కారుతుందన్న ఇంజనీరు

హైదరాబాద్ శివారులోని జవహర్‌నగర్ చెత్తగుట్ట మీద గడ్డి మొలిచింది. ఆ గడ్డి కింద ఏళ్ల తరబడి నగరం తెచ్చి పోసిన పాత చెత్త ఉంది, సుమారు 1.2 కోట్ల టన్నులు. దాని మీద మట్టి, సింథటిక్ పొరలు పరిచి కప్పేశారు. దీన్నే క్యాపింగ్ అంటున్నారు. వాననీళ్లు గుట్టలోకి దిగకుండా ఆపే పని ఇది. చేయాల్సిన పనే. అయినా గుట్ట నుంచి ఊరే నల్లటి నీళ్ల బెడద పక్కనున్న మల్కారం చెరువుకు తప్పలేదు. చెత్త పోయడం మొదలుపెట్టిన రోజున అడుగున ఏమీ పరచలేదు మరి. ఇప్పుడు మూత ఉంది, అడుగు లేదు.

చెత్తకూ, రసాయన వ్యర్థాలకూ అడుగు, మూత, చుట్టూ గోడ ఉండాలన్న ఆలోచన ఇంజనీర్లకు ఒక్కరోజులో రాలేదు. భూమి దేన్నైనా ఇముడ్చుకుంటుందనే ధీమాతో మొదలై, ఒకదాని తర్వాత ఒకటిగా తొట్టెలు కారిపోయాక గానీ ఆ విద్య నిలదొక్కుకోలేదు.

అమెరికాలోని డెన్వర్ నగరం పక్కన 1942లో సైన్యం రాకీ మౌంటెన్ ఆర్సెనల్ అనే రసాయన ఆయుధాల కర్మాగారం పెట్టింది. తర్వాత అక్కడే పురుగుమందుల తయారీ కూడా సాగింది. వ్యర్థజలాలను మామూలు మట్టి గుంటల్లోకి వదిలేవారు. 1950ల మధ్యకొచ్చేసరికి ఉత్తరాన ఉన్న రైతులు, తమ బావినీళ్లు పారించిన పైర్లు మాడిపోతున్నాయని మొత్తుకున్నారు. అప్పుడు, 1956లో, 93 ఎకరాల పెద్ద చెరువు ఒకటి తవ్వి అడుగున తారు పొర వేశారు. రోడ్డు మీద వేసే తారే. నీళ్లు దిగవనుకున్నారు. అదీ కారింది. చివరికి 1988లో ఆ చెరువును ఖాళీ చేయాల్సి వచ్చింది.

నయాగరా జలపాతం దగ్గరి లవ్ కెనాల్ కథ ఇంకా చేదైనది. 19వ శతాబ్దం చివర్లో విలియం లవ్ అనే ఆయన తవ్వించి మధ్యలో వదిలేసిన కాలువ అది. 1942 నుంచి 1953 దాకా హుకర్ కెమికల్ కంపెనీ అందులో 20 వేల టన్నులకు పైగా రసాయన వ్యర్థాలు పూడ్చి, పైన బంకమట్టి కప్పి, ఆ స్థలాన్ని 1 డాలరుకు స్కూలు బోర్డుకు రాసిచ్చింది. అక్కడ బడి కట్టారు. చుట్టూ ఇళ్లు లేచాయి.

లవ్ కెనాల్ నేల నిజానికి మంచి బంకనేల. ఆ కాలువ ఒక సహజమైన తొట్టె. చెడింది పైన. నిర్మాణాల కోసం మూత మట్టిని తవ్వారు, మురుగు పైపులు దాని గుండా వేశారు. చిల్లుపడిన మూతలోంచి వానా మంచూ లోపలికి దిగాయి. అడుగు గట్టిది కాబట్టి ఆ నీళ్లకు కిందికి దారి లేదు. తొట్టె నిండింది, పొర్లింది, ఇళ్ల సెల్లార్లలో ఊరింది. 1978 ఆగస్టులో అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు, కుటుంబాలను ఖాళీ చేయించారు. కలుషిత స్థలాలను శుభ్రం చేయించేందుకు 1980 చివర్లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం ఈ గొడవలోంచి పుట్టిందే. డెన్వర్‌లో అడుగు కారింది, నయాగరాలో మూత చెడింది. రెండూ కలిపి చూస్తేనే పాఠం పూర్తవుతుంది.

జరిగిపోయిన తప్పు చుట్టూ గోడ కట్టే విద్య మాత్రం అప్పటికే సిద్ధంగా ఉంది, వేరే పనికోసం. దాని వెనక ఉన్న ముఖ్యుడు క్రిస్టియన్ వేడర్ అనే ఆస్ట్రియన్ సివిల్ ఇంజనీరు. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి ఏళ్లలో ఇటలీలోని మిలాన్ నగరంలో ఆయన ఈ పద్ధతిని రూపుదిద్దాడు. నీరున్న నేలలో లోతైన సన్నటి కందకం తవ్వితే గోడలు విరిగి పడతాయి. అది పడకుండా కందకాన్ని తవ్వుతూనే బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన చిక్కటి నీళ్లతో నింపుతూ పోవాలి. చమురు బావులు తవ్వేవాళ్లు అప్పటికే వాడుతున్న బురద లాంటిదే ఇది. ఆ ద్రవం నీటికంటే కాస్త బరువు. దాని మట్టాన్ని భూగర్భజల మట్టానికి పైన ఉంచితే కందకం గోడల్ని లోపలినుంచి నెట్టి పట్టుకుంటుంది. మట్టిలోకి కొద్దిగా ఇంకి, గోడ మీద చర్మంలాంటి పొర కడుతుంది. తర్వాత అడుగునుంచి కాంక్రీటు పోస్తూ వస్తే బురద పైకి లేచిపోతుంది, గోడ మిగులుతుంది. మిలాన్ మెట్రో ఇలాగే కట్టారు. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ పునాది గుంటలోకి హడ్సన్ నది నీళ్లు రాకుండా ఆపిందీ ఇలాంటి గోడే. 2001లో టవర్లు కూలాక కూడా అది నిలబడింది.

కాలుష్యాన్ని ఆపడానికి కాంక్రీటు బలం అక్కర్లేదు. తవ్విన మట్టినే బెంటొనైట్‌తో కలిపి తిరిగి నింపితే చాలు, చవక కూడా. రాకీ మౌంటెన్ ఆర్సెనల్ ఉత్తరపు హద్దున 1978లో ముందు ఒక ముక్క కట్టి చూశారు. 1981కల్లా దాన్ని దాదాపు 2 కిలోమీటర్లకు పెంచారు. గోడకు ఎగువన నీళ్లు తోడి, బొగ్గు వడపోతలతో శుద్ధి చేసి, దిగువన భూమిలోకి వదులుతారు. గోడ ఒక్కటే ఏమీ చేయదు. నీళ్లు దాని చుట్టూ తిరిగి పోతాయి. తోడే పంపు కూడా ఉండాలి. ఈ మాటను నొక్కి చెప్పడానికి కారణముంది. గోడ కట్టిన రోజు ఫోటోలు తీస్తారు, పంపు నడిపే ఇరవై ఏళ్లకు ఎవరూ ఫోటోలు తీయరు.

బెంటొనైట్ మనకు తెలియని మట్టి కాదు. దాన్ని నీటిలో ఉబ్బించే ఖనిజం మాంట్‌మోరిల్లొనైట్. మన నల్లరేగడిలో ఉన్నదీ అదే. వానకు ఉబ్బి కాలు దిగబడేలా చేసేది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చేది ఆ గుణమే. రేగడి పొలంలో మే నెలలో నడిచినవాళ్లకు, మట్టి మూత ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో ఏ పుస్తకం చెప్పక్కర్లేదు.

ఇక అడుగు. ఈ కథలో అసలు మలుపు ఇక్కడే ఉంది, దాని పక్కన నిలిచిన పేరు జె. పి. జిరూ. ఫ్రాన్స్‌కు చెందిన సివిల్ ఇంజనీరు, గ్రెనోబుల్‌లో పాఠాలు చెప్పినవాడు. 1977లో పారిస్ సదస్సుకు రాసిన పత్రంలో జియోటెక్స్‌టైల్, జియోమెంబ్రేన్ అనే మాటలు ఆయనే పుట్టించాడు. ఇవాళ ప్రతి టెండరులో కనిపించే మాటలవి. మట్టిలో వాడే బట్టను మొదటిదన్నారు, నీళ్లు దిగనివ్వని ప్లాస్టిక్ షీటును రెండోదన్నారు. అంతకు మూడేళ్ల ముందే, 1974లో, గ్రెనోబుల్ దగ్గరి పోం ద క్లే అనే చోట ఒక జలాశయానికి ఆయన రెండు షీట్ల అడుగు వేయించాడు. పై షీటుకీ కింది షీటుకీ మధ్య నీళ్లు పారే పొర ఉంచాడు. పై షీటు కారితే ఆ నీళ్లు మధ్యపొరలోంచి బయటికొచ్చి కనపడతాయి. కింది షీటు వాటిని భూమిలోకి పోనివ్వదు.

అంతకుముందు ప్రతి తొట్టె కట్టినవాడూ ఇది కారదు అన్నాడు. జిరూ మాత్రం కారుతుంది అన్న దగ్గర మొదలుపెట్టాడు. ఎంత కారుతుంది, ఎక్కడ పట్టుకుంటాం, ఎలా తెలుస్తుంది అనేవే ఆయన ప్రశ్నలు. తర్వాత అమెరికా వెళ్లి, తోటి ఇంజనీర్లతో కలిసి దీన్ని లెక్కల్లోకి దించాడు. బాగా పర్యవేక్షించి పరిచిన షీటుకు కూడా ఎకరానికి ఒక చిల్లు ఉంటుందని అనుకొని లెక్క వేయాలన్నది ఆ పనిలోంచి వచ్చిన వాడుకే.

ఆ లెక్క చేసి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఒక ఎకరం అడుగు తీసుకోండి, దాని మీద 30 సెంటీమీటర్ల లోతున మురికినీళ్లు నిలిచాయనుకోండి. కేవలం 90 సెంటీమీటర్ల మంచి బంకమట్టి మాత్రమే ఉంటే రోజుకు సుమారు 470 లీటర్లు ఇంకిపోతాయి, ఎకరమంతా నెమ్మదిగా. ఇసుక మీద వట్టి ప్లాస్టిక్ షీటు మాత్రమే ఉండి, దానికి 1 చదరపు సెంటీమీటరు చిల్లు ఒకటి ఉంటే రోజుకు 12 వేల లీటర్లకు పైనే పోగలవు. అదే చిల్లున్న షీటు ఆ బంకమట్టిని గట్టిగా అతుక్కొని ఉంటే పోయేది రోజుకు అర లీటరు. షీటు నీళ్లను ఒక్క చిల్లుకు కుదిస్తుంది, ఆ చిల్లు కింద మట్టి అడ్డుపడుతుంది. విడివిడిగా లోపాలున్న రెండు పొరలు కలిస్తే వందల, వేల రెట్ల తేడా వస్తుంది.

అయితే ఆ అతుక్కోవడంలోనే ఉంది కిటుకంతా. నల్ల షీటు ఎండకు వ్యాకోచించి ముడతలు పడుతుంది. ముడత కింద ఖాళీలో చిల్లు పడితే నీళ్లు ముడత పొడవునా పరిగెత్తి వెడల్పుగా ఇంకుతాయి, లెక్క తలకిందులవుతుంది. మన ఎండల్లో ఈ పని చేసేవాళ్లు పొద్దున చల్లపూట షీటు మీద మట్టి కప్పితే మంచిది. షీట్లను కలిపేటప్పుడు వేడి పనిముట్టుతో రెండు వరసల అతుకు వేస్తారు, మధ్యలో సన్నటి ఖాళీ వదులుతారు. ఆ ఖాళీలోకి గాలి కొట్టి ఒత్తిడి పడిపోతుందేమో చూస్తారు. సైకిల్ ట్యూబు పంక్చర్ వెతికినంత మామూలు పరీక్ష. దాన్ని ఓపిగ్గా చేశారా లేదా అన్నదాని మీద ఒక ఊరి బోర్లు ఆధారపడి ఉంటాయి.

అమెరికా 1984లో ప్రమాదకర వ్యర్థాల గుంటలకు రెండు అడుగు పొరలు తప్పనిసరి చేసింది. మన దేశంలో ప్రమాదకర వ్యర్థాల నియమాలు 1989లో వచ్చాయి. 2000 నాటి పట్టణ చెత్త నియమాలు అడుగున ఏముండాలో స్పష్టంగా రాశాయి. 90 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి రకం ప్లాస్టిక్) షీటు, భూగర్భజలానికి కనీసం 2 మీటర్ల ఎడం. పైన చెప్పిన జోడీయే అది.

నియమాలకు ముందు మన దేశంలో షీటు పరచలేదని కాదు. భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ 1977లో వ్యర్థజలాలు ఎండబెట్టే చెరువులు కట్టింది. అడుగున నల్లటి ప్లాస్టిక్ షీటు వేసింది. 1982 మార్చిలో, గ్యాస్ దుర్ఘటనకు రెండున్నరేళ్ల ముందే, ఆ చెరువులు కారుతున్నాయని అక్కడినుంచి అమెరికాకు టెలెక్స్ వెళ్లింది. 1996లో చెరువుల మడ్డిని ఒకచోటికి చేర్చి మట్టితో కప్పారు. ఫ్యాక్టరీ గోదాములో మిగిలిన 337 టన్నుల వ్యర్థాలను 2025 జనవరిలో పీతంపూర్ తరలించి, ఆ ఏడాది జూన్ చివరికల్లా కాల్చేశారు. వార్తల్లో వచ్చింది ఆ 337 టన్నుల గురించే. చెరువుల కిందికి ఇంకిపోయినదాన్ని ఏ లారీలోకీ ఎత్తలేరు.

మన దగ్గర పటాన్‌చెరు కథ తొట్టె కారిన కథ కూడా కాదు, తొట్టే లేని కథ. 1970ల నుంచి పెరిగిన ఆ పారిశ్రామికవాడ వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీర వైపు సాగాయి, చుట్టుపక్కల ఊళ్ల చెరువులనూ బావులనూ పాడుచేశాయి. ఊళ్లవాళ్లూ, డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లూ సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి, సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని చూపించారు. ప్రమాదకర ఘన వ్యర్థాలకు దుండిగల్‌లో అడుగు పొరలున్న గుంట వచ్చింది 2000ల మొదట్లో. అప్పటికి రెండు దశాబ్దాలకు పైగా నేల తాగేసింది.

కలుషితమైన నీళ్లను ఆపకుండా దారిలోనే శుభ్రం చేసే గోడ కూడా ఉంది. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ గిల్హామ్ బృందం 1991లో ఇసుకలో ఇనుపరజను కలిపి భూమిలో అడ్డంగా నింపింది. నీళ్లు దాని గుండా పారుతుంటే ఇనుము క్లోరిన్ ఉన్న ద్రావకాలను విడగొడుతుంది. పంపు అక్కర్లేదు. అన్ని విషాలకూ పనికిరాదు, పనికొచ్చినచోట మాత్రం అద్భుతం.

మూత విషయంలో మనవాడి పేరొకటి చెప్పుకోవాలి. ఉస్మానియాలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన కృష్ణ రెడ్డి, చెత్తగుట్ట మూతను ఊపిరితిత్తిలా పనిచేయించాలని చూస్తున్నారు. మట్టిలో బయోచార్, అంటే గాలి తగలకుండా మాడ్చిన కట్టెల, పంట వ్యర్థాల బొగ్గు, కలిపితే సూక్ష్మజీవులు మీథేన్‌ను తింటాయి. ఉక్కు కర్మాగారాల్లో మిగిలే చిట్టెం, అంటే స్లాగ్, పొర కార్బన్ డయాక్సైడ్‌నూ హైడ్రోజన్ సల్ఫైడ్‌నూ పట్టేస్తుంది. విశాఖ ఉక్కు స్లాగ్ గుట్టలను చూసినవాళ్లకు ఈ పని మీద ఆసక్తి కలగక మానదు.

జవహర్‌నగర్ గుట్టకు ఇప్పుడు కొత్తగా అడుగు వేయలేం. చుట్టూ గోడ కట్టాలన్నా దాని కాలు నీళ్లు దిగని పొరలో పాతుకోవాలి. హైదరాబాద్ కింద ఉన్నది మొరం, దాని కింద పగుళ్లున్న గ్రానైటు. మిలాన్ పద్ధతిని యథాతథంగా తెచ్చి దించితే కుదరదు. పగుళ్లెక్కడున్నాయో ముందు వెతకాలి. మిగిలింది ఊరే నీటిని గుట్ట పాదం దగ్గరే పట్టి, తోడి, శుద్ధి చేయడం, బోరునీళ్లను పరీక్షిస్తూ ఉండటం. మూసేసిన గుంటను కనీసం 15 ఏళ్లు కనిపెట్టుకొని ఉండాలని మన నియమాలు చెబుతున్నాయి. లవ్ కెనాల్‌కు 1978లో మట్టి మూత, చుట్టూ నీళ్లు పట్టే గొట్టాల పని మొదలైంది. 1984లో మూతను 40 ఎకరాలకు పెంచి అందులో ప్లాస్టిక్ షీటు వేశారు. 2004లో ఆ స్థలాన్ని ప్రమాద జాబితా నుంచి తీసేశారు. ఆ గొట్టాల్లో చేరిన నీళ్లను తోడి శుద్ధి చేయడం మాత్రం ఆపలేదు.