రాధికాసాంత్వనం గొడవలో వావిళ్ల వారి పాత్ర

పాత ప్రబంధాలు మళ్ళీ అచ్చేసేటప్పుడు పచ్చి శృంగార పద్యాలు తీసేయాలా ఉంచాలా అన్న రగడ మళ్ళీ లేచింది, దాంతో పుస్తకాలు అచ్చేసే వావిళ్ల వారి పేరూ బయటికొచ్చింది. 1854లో రామస్వామి శాస్త్రులు గారు మద్రాసులో ప్రెస్సు పెట్టడం, శతకాలూ కావ్యాలూ ఇంటింటికీ చేరడం అందరికీ తెలిసిందే, అది వదిలేద్దాం. అసలు సంగతంతా 1910లో ఉంది.

18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన శృంగార కావ్యం రాధికాసాంత్వనం అప్పటికే అచ్చులో ఉంది. 1887లో వెంకటనరసు వేశారు. కాకపోతే అందులో కొన్ని పద్యాలు లేవు, కవయిత్రి తన వంశం గురించి చెప్పుకున్న పీఠికా లేదు. అంటే పోలీసులు రాకముందే పండితుల చేతిలో కత్తెర పడిందన్నమాట! గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు రాతప్రతి సంపాదించి, రెండూ పోల్చి చూసి, పోయినవన్నీ తిరిగి చేర్చారు. దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేసింది వావిళ్ల వారు.

ఆడవాళ్ళు వినకూడనివి, ఆడదాని నోట రాకూడనివి ఇందులో ఉన్నాయని వీరేశలింగం గారి అభ్యంతరం. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని నాగరత్నమ్మ గారు తన ముందుమాటలోనే అడిగేశారు. అక్కడితో ఆగలేదు, ఆయనే స్వయంగా చూసి అచ్చుకి ఒప్పుకున్న శృంగార కావ్యం వైజయంతీవిలాసం మాటేమిటన్నారు. ఈ రెండో ప్రశ్న దగ్గర కత్తెర పక్షం వాళ్ళు ఇవాళ్టికీ నీళ్ళు నములుతారు.

1911లో ప్రభుత్వ అనువాదకుడు గోటేటి కనకరాజు పంతులు గారు కొన్ని భాగాలు అభ్యంతరకరమని తేల్చడం, పోలీసులు ప్రతులు పట్టుకుపోవడం జరిగాయి. నాలుగు పద్యాలు ఎత్తేసి చుక్కలు పెడితే గొడవ వదిలేదేమో, కానీ వావిళ్ల వారు అర్జీలు పెట్టుకున్నారు, పండితులూ తోడొచ్చారు, అయినా సర్కారు వినలేదు, పుస్తకం మీద నిషేధం అలాగే ఉంచింది. (తర్వాతి వావిళ్ల పుస్తకాల మీద అడ్రసు 292, ఎస్ప్లనేడ్. అశ్లీల పుస్తకాల మీద అప్పటి శిక్షాస్మృతి సెక్షనూ 292 కావడం తమాషానే.)

1947లో, టంగుటూరి ప్రకాశం గారి చలవతో నిషేధం పోయింది. 1952లో మళ్ళీ వేసిందీ వావిళ్ల వారే. కాబట్టి వాదనలోకి దిగేముందు మీ చేతిలో ఏ ప్రతి ఉందో చూసుకోండి. ముద్దుపళని తన వంశం చెప్పుకున్న పద్యాలు లేకపోతే, ఎవరో అప్పటికే కత్తెర వేసేసిన పుస్తకం అది.