కంటినిండా నిద్ర కోసం

పర్లాకిమిడి, ఒడిశా

చిరంజీవులైన మనవరాళ్లకు, మనవలకు మీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీలో ఇద్దరి గురించి బెంగ పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. వాళ్లిద్దరినీ అడిగి, సరేనన్నాకే అందరికీ పంపుతున్నాను.

విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న పెద్దమ్మాయి పోయిన నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోను చేసింది. ఫోను వాయిదా, బండి వాయిదా, పైగా స్నేహితురాలి దగ్గర చేబదులు. జీతం పడిన మూడో రోజుకే ఖాతా ఖాళీ. నెల మొదలవుతోందంటే గుండె దడ వస్తోందని ఏడ్చింది. ఆ తర్వాత వారానికి భువనేశ్వర్‌లో చదువుకుంటున్న చిన్నవాడు ఇంటికి వచ్చాడు. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. రాత్రి భోజనం మానేసి ఆ డబ్బు దాస్తున్నాడట. ఖాతాలో ఎంత ఉందో రోజుకు పది సార్లు చూసుకుంటాడట. ఒకరి చేతిలో డబ్బు లేదు, ఒకరి చేతిలో ఉంది. ఇద్దరికీ నిద్ర మాత్రం లేదు.

నేను ముప్ఫై ఏళ్లు ఈ ఊళ్లో పోస్టాఫీసు ఆర్.డి., అంటే నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్ ఏజెంటుగా పని చేశానని మీకు తెలుసు. మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన అని దానికి పెద్ద పేరు. వీధిలో వాళ్లకు నేను ‘ఆర్.డి. అమ్మగారు’. నెలలో మొదటి పదిహేను రోజుల్లో ఖాతా తెరిచినవాళ్లు ప్రతి నెలా 15వ తేదీలోగా కట్టాలి, తర్వాత తెరిచినవాళ్లు నెలాఖరులోగా. అందుకని నెలకు రెండు సార్లు సంచి భుజాన వేసుకుని తిరిగేదాన్ని. అప్పట్లో నెలకు పది రూపాయలతోనైనా మొదలుపెట్టవచ్చు. ఇప్పుడు కనీసం వంద కట్టాలి. ఐదేళ్లు, అరవై వాయిదాలు. నేను పొదుపు గురించి నేర్చుకున్నదంతా ఆ గడపల దగ్గరే.

మన వీధి చివర పకోడీల బండి పెట్టుకునే ఆవిడ మీలో పెద్దవాళ్లకు గుర్తుండాలి. కొంగుముడి విప్పి ఇరవై రూపాయల నోట్లు, నాణేలు నా అరచేతిలో పోసేది. నూనె అంటుకుని నోట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి. నేను విడదీసి లెక్కపెట్టేలోగా ఆవిడ బండి చెక్క మీద వేలితో గీతలు గీస్తూ తన లెక్క తాను వేసుకునేది. ఏనాడూ తప్పు రాలేదు. నెలకు ఐదు వందలు కట్టేది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లా మీద విరుచుకుపడింది. కొండల్లో చరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఊళ్లో చెట్లు కూలాయి, కరెంటు పోయింది. ఆవిడ బండి మీద చెట్టు పడి చక్రాలు కూడా మిగలలేదు. పోస్టాఫీసు మళ్లీ తెరిచిన రోజున వచ్చింది. పాస్‌బుక్కును పాలిథిన్ కవరులో చుట్టి, బియ్యం డబ్బాలో అడుగున పెట్టిందట. ఇరవై ఆరు నెలలు కట్టింది, అంటే పదమూడు వేలు. అప్పట్లో ఏడాది కట్టాక అందులో సగం దాకా తీసుకునే వీలుండేది. ఆరు వేల అయిదు వందలకు కాగితం రాశాం.

ఆ డబ్బుతో కొత్త బండి రాదు. అయినా ఆవిడ పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని, ఏ కలప అయితే చవకగా వస్తుంది, పాత సైకిలు చక్రాలు సరిపోతాయా, బండి తయారయ్యేదాకా ఇంటి అరుగు మీదే పొయ్యి పెట్టుకోవచ్చా అని నాతో నిదానంగా మాట్లాడింది. పక్కన నిలబడిన ఇంకొకావిడకూ అదే నష్టం. చేతిలో చిల్లిగవ్వ లేదు, వడ్డీ వ్యాపారి దగ్గరికి బయలుదేరుతోంది. కూతురి పరీక్ష ఫీజు కట్టే గడువు ఎప్పుడని అడిగితే ఆ తల్లి అరనిమిషం నా ముఖం చూసింది, గుర్తు రాలేదు. అదివరకు ఆవిడ అలాంటి మనిషి కాదు, వీధిలో అందరి పిల్లల పుట్టినరోజులూ చెప్పేది.

ఆ అరనిమిషం నన్ను చాలాకాలం వదల్లేదు. తర్వాత ఒక పరిశోధన గురించి చదివినప్పుడు అదేమిటో అర్థమైంది. ఆనంది మణి అనే ఆర్థికవేత్త, ఆమెతో పాటు మరికొందరు తమిళనాడులో 464 మంది చెరకు రైతులను చూశారు. చెరకు డబ్బు ఏడాదికొకసారి వస్తుంది కాబట్టి, కోతకు ముందు రైతు చేతిలో డబ్బు ఆడదు, కోత తర్వాత ఆడుతుంది. ఆ రెండు సమయాల్లోనూ అదే రైతుకు ఆకారాల చిక్కుముళ్లు, అంకెల పరీక్షలు పెట్టారు. కోతకు ముందు తక్కువ చేశాడు, కోత తర్వాత మెరుగ్గా చేశాడు. 2013లో ఇది ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. మనిషి అదే, బుద్ధి అదే. డబ్బుకు ఇరకాటం వచ్చినప్పుడు ఆ ఆలోచనే మనసులో చోటంతా ఆక్రమించుకుంటుంది, మిగతా పనులకు చోటు చాలదు. మన ఊళ్లో కొమ్ముతో దువ్వెనలు, పక్షులు చేసే ఇళ్లలో కూడా నేను ఇది చూశాను. సరుకు అమ్ముడుపోని నెలల్లో ఆ నేర్పరుల చేతులే తడబడేవి.

కాబట్టి అమ్మలూ, ఆఫీసులో తప్పులు చేస్తున్నానని, నాకు తెలివి లేదని నిన్ను నువ్వు తిట్టుకోవద్దు. నీ తెలివి ఎక్కడికీ పోలేదు, వాయిదాల కింద నలుగుతోంది. అన్నిటికన్నా ఎక్కువ వడ్డీ ఉన్న బాకీని ముందు తీర్చు. స్నేహితురాలికి ఏ తేదీకి ఎంత ఇవ్వగలవో నువ్వే ముందుగా చెప్పు. అడుగుతుందేమో అన్న ఎదురుచూపు అడగడం కంటే ఎక్కువ బాధిస్తుంది. అప్పు తీరుస్తూనే నెలకు వంద రూపాయలైనా పక్కన పెట్టు. వందతో ఏమవుతుందని అంటావు. బండి టైరు పంక్చరు అయిన రోజున మళ్లీ చేబదులుకు వెళ్లకుండా ఆపుతుంది.

చిన్నవాడా, నీ సంగతికి వస్తాను. 2020లో లాక్‌డౌన్ వచ్చి మీ నాన్న జీతం ఆగిపోయినప్పుడు నీకు ఊహ తెలిసిన వయసు. వంటింట్లో అమ్మా నాన్నా గొంతు తగ్గించి మాట్లాడుకోవడం నువ్వు విన్నావు. ఆ భయం నిజమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ మార్గశిరంలో మన పక్కింటి ఒడియా వాళ్లు చేసే మాణబసా గురువారం పూజ గుర్తు తెచ్చుకో. మనం లక్ష్మీవారం అంటాం. ఇల్లు అలికి, బియ్యపు పిండితో అమ్మవారి పాదాలు వేసి, మాణం అనే కొలపాత్రలో కొత్త వడ్లు నింపి లక్ష్మిగా కొలుస్తారు. తర్వాత పిఠాలు అనే పిండివంటలు చేసి నైవేద్యం పెట్టి ఇంటిల్లిపాదీ తింటారు. ఆ పిఠాల కోసం గోడ పక్కన కాచుకుని కూర్చునేవాడివి నువ్వే కదా! కొలతలో నింపినవి కూడా అన్నమయ్యే గింజలే. మూడు నెలల మెస్సు ఖర్చు, ఇంటికి రావడానికి రైలు టిక్కెట్టు, ఇంత ఉంటే చాలని ఒక అంకె రాసుకో. నీ దగ్గర ఇప్పటికే అంతకన్నా ఎక్కువ ఉంది, నేను చూశాను. ఖాతా వారానికి ఒక్కసారి చూడు, ఆదివారం. ఇవాళ్టి నుంచి రాత్రి భోజనం చెయ్యాలి. అయినా గుబులు తగ్గకపోతే 14416కు ఫోను చెయ్యి. మనసు బాగోలేనివాళ్లకు సాయం చేయడానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ అది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. అమ్మలూ, ఆ నంబరు నీకు కూడా.

ఇప్పటిదాకా మీ తాతగారికి తప్ప ఎవరికీ చెప్పని ఒక మాట చెబుతాను. నేను ఊరందరికీ పొదుపు చెబుతూ తిరుగుతున్న రోజుల్లోనే, కొద్ది ఏళ్లలో డబ్బు రెట్టింపు చేస్తామన్న ఒక కంపెనీలో నలభై వేలు పెట్టాను. ఒకరోజు ఆఫీసుకు తాళం పడింది. పోస్టాఫీసు డబ్బుకు ప్రభుత్వ పూచీ ఉంటుంది, బ్యాంకులో అయితే ఐదు లక్షల దాకా బీమా ఉంటుంది. దానికి ఏదీ లేదు. డబ్బు పోయినందుకు పడిన బాధ ఆరు నెలల్లో తగ్గింది. చెప్పుకోలేని సిగ్గు మాత్రం రెండేళ్లు నన్ను తిన్నది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేదాన్ని. తాతగారు పలకరిస్తే కసురుకునేదాన్ని. రక్తపోటు మాత్రలు మొదలైంది అప్పుడే.

ఒక వానరాత్రి ఆగలేక చెప్పేశాను. ఆయన ఏమీ అనలేదు. లేచి వెళ్లి టీ పెట్టారు. తర్వాత ఇంటి లెక్కల పుస్తకం తెచ్చి, ఆ నెల పుటలో పాలవాడి పద్దు కింద ‘పోయినది, 40,000’ అని రాసి, కింద గీత గీసి, మొత్తం కూడారు. బియ్యం, కిరాణా, కరెంటు బిల్లు, వాటితో పాటు అదీ ఒక పద్దు. ఆ రాత్రి నేను తెల్లవారేదాకా పడుకున్నాను.

అమ్మలూ, శనివారం సాయంత్రం నేనే ఫోను చేస్తాను. ఎవరికి ఎంత ఇవ్వాలో అంతా ఒక కాగితం మీద రాసి పెట్టుకో, ఒక్కటీ దాచకుండా. నా దగ్గర తాతగారి పుస్తకం ఉంది. నువ్వు చదువుతుంటే నేనూ ఇక్కడ రాసుకుంటాను.

మీ అమ్మమ్మ